కొనేవారి మాట - వ్యాపారానికి బరకత్
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము బడిపంతుళ్ళం, అందులోనూ ఉర్దూ మీడియం. వ్యాపారం గురించి మాట్లాడమంటే మొదట నవ్వొచ్చింది. కాని మా దగ్గర చదివిన పిల్లలే నేడు కాశీబుగ్గలో జీడిపప్పు ప్యాకెట్లు కట్టి, ఫోన్ల మీద ఊరూరికీ అమ్ముతున్నారు. వారిని చూసి తెలుసుకొన్న నాలుగు ముక్కలే మీ ముందుంచుతున్నాము.

కొన్నవారిని నలుగురి ఎదుటా మాట్లాడనిచ్చే వ్యాపారి బాగుపడతాడు. మనవాళ్ళకు ఇదంటే భయం. ఫిర్యాదు వస్తే చాటుగా సర్దేద్దాం అంటారు. ఒక కుర్రాడు అలా చేయలేదు. తన దగ్గర కొనేవారిని వాట్సాప్‌లో ఒక గ్రూపుగా చేర్చి, మంచీ చెడ్డా అక్కడే రాయమన్నాడు. మొదటి నెలంతా తిట్లేనట! "320 అన్నారు, అంత పెద్ద నంబరుకి పప్పు ఇంత చిన్నదేమిటి?" అని ఒకరు. ఆ నంబరు పౌనుకు తూగే గింజల లెక్క. 180 అంటే పెద్ద గుండు, 320 అంటే చిన్నది. పలాసలో పిల్లవాడికైనా తెలిసిన ఈ లెక్క హైదరాబాదులో ఇల్లాలికి తెలియదని ఎవరికీ తోచనే లేదు. ఇప్పుడు అతని ప్యాకెట్టు మీద ఆ సంగతి తెలుగులో రాసి ఉంటుంది. ఇంకొకామె, వానాకాలంలో అరకిలో విప్పితే సగం కాకుండానే మెత్తబడిపోతోంది, పావుకిలోవి కట్టు బాబూ అన్నారు. మరొకరు, పాయసానికి గుండు పప్పు ఎందుకు, బద్దలు చాలవా అన్నారు. బద్దలు చౌక, వాటికీ గిరాకీ కుదిరింది.

అసలు పరీక్ష వేరే ప్రశ్న దగ్గర వచ్చింది: "ఇది ఉద్దానం పిక్కేనా?"

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపానుకు మన జీడితోటలు, కొబ్బరితోటలు నేలకూలిన సంగతి ఎవరం మరువగలం? పలాస కార్ఖానాలకు ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా వస్తాయి. తెప్పించడంలో తప్పులేదు, దాచడంలో ఉంది. ఆ కుర్రాడు రెండూ వేరువేరుగా కట్టి, ఏది ఏదో రాసి, రెండు ధరలు పెట్టాడు. తోటివారు వెర్రివాడన్నారు. విదేశీ పిక్క పప్పు కొనేవారు మానలేదు. ఉద్దానం పప్పుకు కాస్త ఎక్కువిచ్చేవారూ దొరికారు. మందస, వజ్రపుకొత్తూరు వైపు మళ్ళీ మొక్కలు నాటుకొన్న రైతుకు ఆ ఎక్కువలో వాటా అందాలని మేము అతనికి గట్టిగానే చెప్పాము. ఇస్తానన్నాడు, చూడాలి.

ఇది పలాసలోనే పుట్టిన తెలివి కాదు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ళ విద్యార్థి, తాను తయారు చేస్తున్న కంప్యూటరు ప్రోగ్రామును పదిమంది ఎదుటా పెట్టి, మీకేం కావాలో చెప్పండన్నాడు. వాడేవారే తప్పులు చూపారు, దిద్దారు కూడా. అదే లినక్స్. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోనుకు పునాది అదే. ఎవరైనా ఉచితంగా తీసుకోగల ఆ సరుకును నమ్ముకొని, దానికి సేవలు అమ్మిన రెడ్ హ్యాట్ కంపెనీని 2019లో ఐబీఎం సుమారు 3,400 కోట్ల డాలర్లకు కొన్నది! బొమ్మల కంపెనీ లెగో ఇంకొక పద్ధతి పెట్టింది. కొనేవారే కొత్త బొమ్మ ఊహించి పంపవచ్చు. 10,000 మంది బాగుందంటే కంపెనీ పరిశీలిస్తుంది. తయారుచేసి అమ్మితే, వచ్చినదానిలో నూటికి ఒక వంతు ఊహించినవారికి ఇస్తుంది. ఇది మాకు బాగా నచ్చింది. పావుకిలో సలహా ఇచ్చిన ఆ తల్లికి ఒక ప్యాకెట్టైనా పంపరా అని మనవాడికి చెప్పాము. పంపాడు.

టెక్కలిలోని మన దర్జీ సోదరులకు ఇదంతా వింతగా ఉండదు. గుడ్డ, కొలత, "కాలరు ఇలా పెట్టు భాయ్" అనే మాట, అన్నీ కొనేవాడివే కదా!

ఒక్క జాగ్రత్త. గ్రూపులో చేర్చితే ఇంటి ఆడవారి ఫోను నంబర్లు అందరికీ కనిపిస్తాయి. ముందుగా అడిగి, ఒప్పుకొన్నవారినే చేర్చండి. ఒప్పుకోనివారి మాట విడిగా విని, పేరు లేకుండా మిగిలినవారికి చదివి వినిపించండి. సెలవు.