పాత ప్రోగ్రాము – కొత్త కంప్యూటరు

అనకాపల్లి పేరు చెప్పగానే ఎవరికైనను బెల్లము జ్ఞప్తికి వచ్చును. చెరకు పండించు రైతులు, బెల్లము వండు పనివారు, మార్కెట్టులో దిమ్మలు తూచు కొలగార్లు, మోయు కళాసీలు, పాట పాడు వర్తకులు – ఇందరి శ్రమయు చివరకొక లెక్కగా మారి ఖాతాకు చేరును. ఒకప్పుడా ఖాతా అట్ట వేసిన ఆవర్జా పుస్తకము. తరువాత అనేక దుకాణములలో అది కంప్యూటరులోనికి చేరినది. పుస్తకమునకు చెద పట్టును. కంప్యూటరునకు పట్టు జబ్బులు వేరు. వానిలో ఒకదానిని గూర్చియు, దానిని కనిపెట్టి కుదుర్చు విధమును గూర్చియు నేడు ముచ్చటింతుము.

మాకెదురైన ఒక సంగతితో ఆరంభింతుము. కంప్యూటర్లు బాగుచేయుట మా వృత్తి. ఒక కమీషను దుకాణమున లెక్కల ప్రోగ్రాము ఇరువది ఏండ్లుగా నడచుచుండెను. విజువల్ బేసిక్ 6 అను భాషలో దానిని వ్రాసిన యువకుడు ఊరు విడిచి ఎన్నడో పోయినాడు. పాత కంప్యూటరు ఒకనాడు నిలిచిపోగా, యజమాని కొత్తది కొని, పాత డిస్కులోని ప్రోగ్రామును ఉన్నదున్నట్లు దానిలోనికి కాపీ చేయించెను. తెరచి చూడగా లెక్కలకు బదులు ఒక తప్పు సంఖ్య ప్రత్యక్షమైనది. అప్పటికి సంక్రాంతి పది దినములున్నది. పంటకు ముందు పెట్టుబడికై తీసికొన్న సొమ్మెంతయో, పంపిన దిమ్మల వెల యెంతయో తేల్చుకొనుటకు రైతులు వచ్చుచున్నారు. అరుగుపై కూర్చున్న ఒక పెద్ద రైతు ఇట్లనెను: "నా లెక్క ఆ పెట్టెలో భద్రముగా ఉన్నదంటిరి. పెట్టె నోరు విప్పకున్న నా బాకీ యెంతని నమ్మవలెను, బాబూ?" ఆ ప్రశ్నకు మాలో ఎవరి యొద్దను జవాబు లేకపోయెను.

అసలు జరిగినదేమి? ప్రోగ్రాము ఒంటరిగా పనిచేయునది కాదు. పట్టిక చూపుటకొకటి, దత్తాంశపు ఫైలు తెరచుటకొకటి, ముద్రించుటకొకటి – ఇట్లు అనేక విడిభాగములను అది సహాయమునకు పిలుచును. వీనినే కాంపొనెంటులందురు. ఇట్లు పిలుచుకొను పద్ధతికి కాంపొనెంట్ ఆబ్జెక్ట్ మోడల్ అని పేరు; మైక్రోసాఫ్టువారు దానిని 1993లో ప్రవేశపెట్టిరి. 1998లో వెలువడిన విజువల్ బేసిక్ 6 దానిపైననే ఆధారపడినది.

మార్కెట్టు యార్డులోని పద్ధతితో పోల్చిన ఇది సులభముగా బోధపడును. వర్తకుడు కొలగారిని పిలువవలెనన్న పట్టీలో పేరు చూచి, చోటు తెలిసికొని, మనిషిని పంపును. విండోసులో అట్టి పట్టీకి రిజిస్ట్రీ అని పేరు. ప్రతి కాంపొనెంటునకు అందులో 128 బిట్ల గుర్తింపు సంఖ్య ఉండును. ఆ సంఖ్య ప్రక్కన ఫైలు ఉన్న చోటు వ్రాసియుండును. ప్రోగ్రాము సంఖ్య చెప్పును. విండోసు పట్టీ చూచి ఫైలును తెచ్చి కాంపొనెంటును సృష్టించి అప్పగించును. ఈ వరుసలో ఎక్కడ తెగినను పని నిలిచిపోవును.

తెగుటకు కారణములు అనేకము. పట్టీలో పేరే లేకపోవచ్చును. పేరుండియు, చూపిన చోట ఫైలు లేకపోవచ్చును; వైరసు నివారిణి దానిని అనుమానించి తొలగించియుండవచ్చును. కొలగారు వచ్చియు త్రాసు పట్టు సహాయకుడు రానట్లు, ఆ ఫైలునకు కావలసిన మరియొక ఫైలు లేకపోవచ్చును. అదే పేరు గల వేరొక తరము ఫైలు వచ్చి కూర్చుండవచ్చును. అన్నియు ఉండియు, లోనికి పోవుటకు అనుమతి లేకపోవచ్చును. కావున మందు వేయుటకు ముందు నాడి చూడవలెను.

మేము మొట్టమొదట చేసిన పని మరమ్మతు కాదు. పాత డిస్కులోని లెక్కల ఫైలును వేరుగా రెండు చోట్ల నకలు తీసితిమి. ప్రోగ్రాము పోయిన మరల వ్రాయించుకొనవచ్చును. లెక్క పోయిన ఎవరును తెచ్చియీయలేరు. రెండవ పని, తెరపై వచ్చిన మాటను అక్షరము విడువక కాగితముపై వ్రాసికొనుట. కంగారులో సరే యని నొక్కి దానిని పోగొట్టుకొనువారే ఎక్కువ.

మొదటి తప్పు సంఖ్య 339. ఇది ఉపకారి, ఏ ఫైలు లోపించినదో పేరుతో సహా చెప్పును. పట్టిక చూపు ఓసీఎక్స్ ఫైలు లేదని తేలినది. పాత డిస్కు నుండి తెచ్చి సిస్టమ్32 అను ఫోల్డరులో ఉంచితిమి. అయినను అదే తప్పు! ఫైలు మా కన్నులకు కనబడుచున్నది, ప్రోగ్రామునకు కనబడుట లేదు. ఒక పూటంతయు ఇచ్చటనే గడచినది.

కీలకము ఇది. పాత ప్రోగ్రాము 32 బిట్లది. కొత్త విండోసు 64 బిట్లది. ఇట్టి విండోసులో పేరునకు విరుద్ధముగా సిస్టమ్32లో 64 బిట్ల ఫైలులుండును. 32 బిట్లవాని స్థానము సిస్‌వౌ64 అను వేరొక ఫోల్డరు. 32 బిట్ల ప్రోగ్రాము సిస్టమ్32 కావలెనని అడిగినను, విండోసు దానిని సడిలేకుండ సిస్‌వౌ64నకే తీసికొనిపోవును. మేము పెట్టినది ఒక గదిలో, అది వెదకినది ప్రక్క గదిలో! ఫైలును సరియైన ఫోల్డరునకు మార్చి, నిర్వాహకుని అధికారముతో ఆదేశముల కిటికీ తెరచి, అచ్చటనున్న రెగ్‌ఎస్‌వీఆర్32 అను సాధనముతో పట్టీకెక్కించగా పట్టిక కనబడినది.

సంతసించు లోపల రెండవది వచ్చినది. వృద్ధ గుమాస్తా అద్దములు సవరించుకొని, "బాబూ, ఈసారి 429 అనుచున్నది. ఇది తప్పు సంఖ్యయా, నేటి పాట ధరయా?" అనెను. అందరమును నవ్వితిమి గాని, 429 నవ్వులాట కాదు. యాక్టివ్ఎక్స్ కాంపొనెంటు వస్తువును సృష్టించలేకపోయినదని చెప్పునే గాని, ఏ కాంపొనెంటో చెప్పదు. అట్టిచోట ఏ పని చేయబోగా ఆగినదో గమనించవలెను. ఇది ఖాతా ఫైలు తెరచునపుడు ఆగినది. కనుక దోషము దత్తాంశమును తెరచు భాగమున ఉండవలెను. ఈ ప్రోగ్రాము కోరునది డీఏఓ 3.5. కొత్త విండోసుతో వచ్చునది 3.6 మాత్రమే. పిలుచునది గుర్తింపు సంఖ్యను బట్టి గనుక, తమ్ముడు ఇంటనున్నను అన్నకై పిలిచిన పిలుపునకు పలుకడు.

ఒక్క ఫైలు తెచ్చిన చాలదు. దాని వెంట పరివారమంతయు రావలెను. ఇంటర్నెట్టులో దొరకునని ఒకరనిరి. ఎవరు పెట్టిరో తెలియని ఫైలును లెక్కల యంత్రములోనికి రానిచ్చుట, తెలియని వానికి ఇనుప పెట్టె తాళము ఇచ్చుటయే యని వలదంటిమి. గుమాస్తాయే పాత ఆవర్జాల నడుమ నుండి ఒక సీడీ తీసినాడు – ఆ యువకుడు ఇచ్చిపోయిన స్థాపన సీడీ. కొత్త యంత్రమునకు సీడీ పెట్టు చోటు లేక, బయటి డ్రైవు ఒకటి ఎరువు తెచ్చి స్థాపించితిమి. కాంపొనెంటులన్నియు తమ తమ చోట్ల చేరి పట్టీకెక్కినవి. సాయంకాలమునకు రైతుల ఖాతాలు తెరపైకి వచ్చినవి. ప్రోగ్రామును కాపీ చేయుట వేరు, స్థాపించుట వేరు అను పాఠము ఆ దినమున అందరికిని అబ్బినది.

ఇట్టి ఇబ్బందులు ఇక పెరుగును గాని తరుగవు. విజువల్ బేసిక్ 6 నిర్మాణసాధనమునకు మైక్రోసాఫ్టువారి మద్దతు 2008 ఏప్రిలులోనే ముగిసినది. దాని ప్రోగ్రాములు నడచుటకు కావలసిన మూలభాగమును మాత్రము విండోసుతో ఇంకను ఇచ్చుచున్నారు. విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కేవలము 64 బిట్లది. అంతకు పూర్వపు 16 బిట్ల ప్రోగ్రాములు అందులో బొత్తిగా నడువవు.

కావున పాత యంత్రము నడచుచుండగానే స్థాపన సీడీ ఎచ్చటనున్నదో చూచుకొనుడు. దానికి నకలు తీయుడు. ప్రోగ్రాము వాడు కాంపొనెంటుల జాబితా వ్రాసి ఉంచుడు. ఏ ప్రోగ్రాముతోనైనను చదువదగు రూపమున లెక్కలను ఏటేట బయటకు తీయుడు. ఆ దుకాణమున ఇప్పుడు బెల్లము కాలము ముగియగానే ప్రతి రైతు ఖాతాయు కాగితముపై అచ్చువేసి, ఒక ప్రతి రైతు చేతికే ఇచ్చుచున్నారు. అరుగుపై కూర్చున్న ఆ పెద్ద అడిగిన ప్రశ్నకు జవాబు మాకు దొరకినది ఆ కాగితముననే.