ఇంటిని చూచి మొక్కను ఎన్నుకొనుడు

(రేపల్లె ప్రాంత గ్రామస్థుల సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



కృష్ణా పడమటి డెల్టాలో కాలువలకును, వరిచేలకును నడుమ నివసించు మీకు మొక్కల పెంపకమును గురించి చెప్పవలెనా యని కొందరికి తోచవచ్చును. గింజ రాలినచోట మొలచు నేల ఇది. అయినను పొలములో మొక్కను పెంచుట వేరు, నాలుగు గోడల నడుమ పెంచుట వేరు. పూర్వము ప్రతి యింటికిని వసారాయు, పెరడును ఉండెడివి. బావి చెంత అరటి పిలకలు, పందిరి మీద కాకరపాదు, గడప ముందు బంతి మొక్కలు ఉండెడివి. నేడు పల్లెలలో సైతము స్లాబు ఇండ్లు లేచినవి. పెరడు తగ్గినది, పచ్చదనము మీది మక్కువ మాత్రము తగ్గలేదు. అందుచే మొక్క కుండీ నెక్కి ఇంటిలోనికి వచ్చినది.

తూర్పు గోదావరి జిల్లాలోని కడియము, కడియపులంక గ్రామముల నర్సరీల నుండి ఇట్టి మొక్కలు వాహనములలో మన ఊళ్లకు వచ్చుచున్నవి. వాటి ఆకుల నిగనిగలు చూచి ముచ్చటపడి కొందుము. రెండు మూడు నెలలలో ఆకుల కొనలు మాడును; కాడలు కుళ్లును; కుండీ మాత్రము మిగులును. అప్పుడు మన ఇల్లాండ్రు, "నా చేయి మంచిది కాదు" అని నొచ్చుకొందురు. అమ్మలారా, లోపము మీ చేతిలో లేదు. ఆ మొక్క మీ ఇంటి వెలుతురుకును, మీ ఊరి నీటికిని తగినది కాదు. మొక్క కొరకు ఇంటిని మార్చలేము. కావున ఇంటిని చూచి మొక్కను ఎన్నుకొనవలెను. నేను చెప్పవచ్చిన ముఖ్య విషయ మిదియే.

ఈ మొక్కల పుట్టిళ్లు

మనము ఇంటిలో పెంచు మొక్కలలో పెక్కింటి పుట్టిల్లు ఉష్ణమండలము. మనీప్లాంటు పసిఫిక్ మహాసముద్రములోని సొసైటీ దీవులది. చారల ఆకులతో నిటారుగా నిలుచు స్నేక్ ప్లాంటు పశ్చిమ ఆఫ్రికాది. దీనికి మన దేశములోనే దగ్గరి చుట్టము కలదు, అదియే చాగ. పూర్వము చాగనారతో వింటినారులు పేనెడివారు. వీటిలో అనేకములు పెద్ద అడవులలో మహావృక్షముల క్రింద, ఆకుల సందుల నుండి జారిపడు వెలుతురుతో బ్రతుకునవి. కావున వాటికి కావలసినది నీడ, చీకటి కాదు. ఈ రెంటికిని గల భేదమును గుర్తింపకపోవుటచే ఎన్నో మొక్కలు నశించుచున్నవి.

చలి దేశములవారు ఈ మొక్కల కొరకు పడిన శ్రమ అంతింత కాదు. లండను నగరములో నథానియల్ వార్డ్ అను వైద్యుడుండెను. బొగ్గు పొగ వలన అతని ఫెర్న్ మొక్కలు చచ్చిపోవుచుండెను. 1829లో, మూత బిగించిన గాజుసీసాలోని తడిమట్టిలో ఫెర్న్ మొలక తనంత తాను పెరుగుట అతడు చూచెను. సీసాలోని తేమ ఆవిరియై, గాజుకు తగిలి, తిరిగి మట్టికే చేరుచుండెను. దానిని బట్టి అతడు గాజు పెట్టెలు చేయించెను. 1833లో అట్టి పెట్టెలలో మొక్కలు లండను నుండి ఆస్ట్రేలియాలోని సిడ్నీకి ఓడలో సజీవముగా చేరినవి. ఆ దేశములవారు గాజు ఇండ్లు కట్టి, వేడిని కొని తెచ్చి సమకూర్చు వాతావరణమును సముద్రపు గాలి మనకు ఊరకయే ఇచ్చుచున్నది. వెచ్చదనమునకు, తేమకు మనకు కొదువ లేదు. మనము చూచుకొనవలసినవి వెలుతురు, నీరు.

తమలపాకు తోట నేర్పు పాఠము

ఈ విద్య మనకు క్రొత్త కాదు. తమలపాకు తోట వేయు రైతు మొదట అవిసె గింజలు నాటును. అవిసె మొలచి, ఎదిగి, పలుచని నీడ పట్టిన పిమ్మటనే తమలపు తీగను దానికి ప్రాకించును. నీడ మిక్కుటమైనచో కొమ్మలు నరకును. నీరు తరచుగా పెట్టును. కాని నిలువనీయడు, కాలువ తీసి మురుగు పోగొట్టును. పలుచని నీడ, తడి, నిలువని నీరు: ఈ మూడును తెలిసిన తమలపాకు రైతునకు ఇంటి మొక్కల పెంపకములో సగము తెలిసినట్లే. తమలపు తీగను కుండీలో నాటి వసారా స్తంభమునకు ప్రాకించినచో అందమునకు అందము, తాంబూలమునకు ఆకు.

వెలుతురును కొలుచు విధము

కుండీ పెట్టదలచిన చోట మధ్యాహ్నము పన్నెండు గంటలకు ఒక తెల్లకాగితము పరచి, దానికి జానెడెత్తున చేతిని పట్టుడు. చేతి నీడ వ్రేళ్లతో సహా స్పష్టముగా పడినచో అచట వెలుతురు బాగుగా ఉన్నది. నీడ మసకగా పడినచో వెలుతురు మధ్యరకము. నీడ పడీ పడనట్లున్నచో అచట వెలుతురు చాల తక్కువ. అసలే పడనిచోట ఏ మొక్కయు పెట్టరాదు.

తక్కువ వెలుతురును ఓర్చుకొనునవి స్నేక్ ప్లాంటు, జీజీ మొక్క, అగ్లోనిమా. తూర్పు కిటికీ చెంత, లేత యెండ తగులుచోట మనీప్లాంటు, ఫిలోడెండ్రాన్, తమలపాకు బాగుగా పెరుగును. రంగురంగుల క్రోటన్లు చీకటి గదిలో పెట్టినచో రంగు కోల్పోవును. వాటికిని, కలబందకును వసారా అంచు తగిన చోటు. తులసికి ఎండ కావలెను. మన పెద్దలు తులసికోటను ముంగిట కట్టుట మొక్క స్వభావమునకు తగిన పనియే. పడమటి కిటికీ మాత్రము ప్రమాదకరము. వైశాఖ మాసపు సాయంకాలపుటెండ గాజులో నుండి తగిలినచో నీడమొక్కల ఆకులు ఒక్కనాటికే మాడిపోవును.

ఉప్పునీరు అను శత్రువు

ఇక అన్నిటికంటె ముఖ్యమైనది నీరు. సముద్రమునకు చేరువగా ఉండుటచే మన ప్రాంతములో అనేక గ్రామములలో భూగర్భ జలము ఉప్పన. కృష్ణపై విజయవాడ వద్ద 1855లో ఆనకట్టయు, దాని స్థానములో 1957లో ప్రకాశం బ్యారేజియు వెలసినందుననే మన చేలకును, చెరువులకును తీపి నీరు దక్కినది. బాపట్ల తీరపు ఇసుక నేలలలో రైతులు దొరువులు త్రవ్వుట మీరెరుగుదురు. ఇసుకలో ఇంకిన వాననీరు తేలికయగుటచే, బరువైన ఉప్పునీటి మీద పొరవలె తేలుచుండును. లోతుగా త్రవ్వినను, అతిగా తోడినను క్రింది ఉప్పు పైకి వచ్చును. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధన పథకమునకు చెందిన శాస్త్రజ్ఞులు ఈ దొరువునే మెరుగుపరచి, అడ్డముగా పరచిన గొట్టములతో పై పొరలోని మంచినీటిని మాత్రము సేకరించు విధానమును రూపొందించిరి.

కుండీలో జరుగునదియు ఇట్టిదే. ఉప్పునీరు పోసినప్పుడు నీరు ఆవిరియై పోవును. ఉప్పు మట్టిలో నిలిచిపోవును. నాడునాటికి పేరుకొన్న ఆ ఉప్పు వేళ్లకు నీరు అందనీయదు. కుండీలో తడి ఉన్నను మొక్క దాహముతో మాడును. కుండీ అంచున తెల్లని పొర, ఆకుల కొనలలో గోధుమరంగు మాడు కనబడినచో, "నీరు చాలలేదు" అని మరింత ఉప్పునీరు పోయకుడు. అది రోగమును పెంచుటయే యగును.

కుండీలకు వాననీరు శ్రేష్ఠము. డాబా గొట్టము క్రింద మూతగల పీపా నుంచి వాననీటిని పట్టుకొనుడు. కాలువ నీరును, ఉప్పు వేయక మునుపు బియ్యము కడిగిన నీరును పనికివచ్చును. శీతల యంత్రము గలవారు దాని నుండి కారు నీటిని వాడుకొనవచ్చును. అందు ఉప్పు ఉండదు. కాని నీటిని శుద్ధిచేయు యంత్రము నుండి వృథాగా పోవు నీటిని కుండీలలో పోయరాదు. మంచినీటి నుండి వేరుచేసిన ఉప్పంతయు అందులోనే ఉండును. ఉప్పునీరు తప్పనివారు నెలకొకసారి మంచినీటిని కుండీకి రెండింతలు పోసి, అడుగు రంధ్రము నుండి కారిపోనిచ్చినచో పేరుకొన్న ఉప్పు చాలవరకు కొట్టుకొనిపోవును.

వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు చెరువు నీరే ఊరి ప్రాణము. అట్టి దినములలో బిందెడు నీటికై నడచు తల్లి చేతి నీటిని కుండీలో పోయుమని ఎవరును చెప్పజాలరు. అందుచే మీ ఇంటికి వేసవిలో ఎంత నీరు దొరకునో లెక్కించుకొని, అందుకు తగినన్ని మొక్కలనే పెంచుడు. స్నేక్ ప్లాంటును, దుంపలో నీరు దాచుకొను జీజీ మొక్కయు రెండు మూడు వారములు నీరు లేకున్నను ఓర్చుకొనును. నీటి యెద్దడి గల ఊళ్లలో ఇవియే తగినవి.

నీరు తక్కువై చచ్చు మొక్కలకంటె ఎక్కువై చచ్చునవే అధికము. వేళ్లకును గాలి కావలెను. వ్రేలిని మట్టిలో అంగుళము లోతు దించి చూడుడు. తడి తగిలినచో నాడు నీరు వలదు.

మట్టి, కుండీ

మన రేగడి మట్టి వరికి బంగారము; కుండీలో ఎండినచో ఇటుకయగును. ఒక పాలు మట్టి, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి వాడుడు. కొబ్బరిపొట్టులో ఉప్పు ఉండవచ్చును గనుక మంచినీటిలో రెండు మూడు మారులు కడుగవలెను. కాల్చిన వరి ఊకను కొంచెము చేర్చినచో మట్టి గుల్లబారును. సముద్రపు ఇసుకను ఎంతమాత్రము కలుపరాదు. కుండీ అడుగున రంధ్రము తప్పక ఉండవలెను.

పిండినల్లి పట్టినచో తడిబట్టతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి చల్లుడు. పొలములో చల్లు పురుగుమందును ఇంటిలో ఎన్నడును చల్లరాదు. పసిపిల్లలు పీల్చు గాలిలో విషము కలుపుట కంటె మొక్కను పారవేయుట మేలు.

పిల్లలున్న ఇండ్లలో జాగ్రత్త

పచ్చి కంద ముక్క నాలుకకు తగిలినచో ఎంత దురదపెట్టునో మీరెరుగుదురు. కందలోను, చేమలోను ఉండు సూదులవంటి సన్నని స్ఫటికములే అందులకు కారణము. మనీప్లాంటు, అగ్లోనిమా, ఫిలోడెండ్రాన్, డిఫెన్‌బేకియా ఈ కుటుంబమునకే చెందినవి. వీటి ఆకును బిడ్డ నమిలినచో నోరు మండును, నాలుక వాచును. డిఫెన్‌బేకియా వీటిలో మిక్కిలి చెడ్డది. ప్రాకు బిడ్డలున్న ఇంటికి దానిని తేకుండుట మంచిది. తక్కినవానిని చేతికందని ఎత్తున ఉంచుడు. బిడ్డ నమిలినట్లు తెలిసినచో నోటిలోని తుంపులు తీసి, నీటితో కడిగి, చల్లని నీరు గాని పాలు గాని కొంచెము త్రాగింపుడు. వాపు పెరిగినను, మ్రింగుటకు గాని, ఊపిరి తీయుటకు గాని కష్టమైనను క్షణమైనను ఆలసింపక ఆసుపత్రికి కొనిపొండు.

మరియొక జాగ్రత్త దోమలను గురించినది. కుండీ క్రింది పళ్లెములోను, మనీప్లాంటు పెట్టిన సీసాలోను నిలిచిన నీరు డెంగ్యూ జ్వరమును వ్యాపింపజేయు దోమకు పురిటిల్లు. గ్రుడ్డు దోమయగుటకు ఇంచుమించు వారము నుండి పది దినములు పట్టును. కావున వారమునకొక మారు ఆ నీటిని పారబోసి, గ్రుడ్లు అంటియుండు పళ్లెపు అంచును పీచుతో తోమవలెను.

లేని గుణములను నమ్మి కొనకుడు

"ఈ మొక్క గదిలోని గాలిని శుభ్రపరచును" అని చెప్పి అమ్మువారు కలరు. 1989లో అమెరికా అంతరిక్ష సంస్థ బిగించిన చిన్న పెట్టెలలో మొక్కలుంచి చేసిన ప్రయోగము ఈ మాటకు మూలము. మన ఇల్లు బిగించిన పెట్టె కాదు. 2019లో అట్టి ప్రయోగములన్నిటిని తిరిగి పరిశీలించిన శాస్త్రజ్ఞులు, గాలి మారుటచే జరుగు శుభ్రత మొక్కలచే జరుగవలెనన్నచో చదరపు మీటరుకు 10 నుండి 1000 మొక్కలు కావలసియుండునని తేల్చిరి. గాలి శుభ్రపడవలెనన్నచో కిటికీ తెరచుడు. వంటింటి పొగ బయటికి పోవు మార్గము చేయుడు.

అటులైన మొక్క ఎందులకు? మంచము పట్టిన వృద్ధునికి కన్నులెదుట ఒక చిగురు కనబడుట చిన్న మేలు కాదు. నేడు విప్పని ఆకు రేపు విప్పునని ఎదురుచూచు బాలుడు ఓర్పు నేర్చుకొనును. ఆ మేలు చాలును. లేని గుణములు అంటగట్ట నక్కరలేదు.

తుదకు ఒక మనవి. ఒక్కసారి పది మొక్కలు కొనకుడు. తొలకరి పడిన పిమ్మట ఒక్క మొక్కతో ఆరంభింపుడు. వీలైనచో కొనక, పొరుగింటివారి నుండి మనీప్లాంటు కణుపునో, స్నేక్ ప్లాంటు పిలకనో అడిగి తెచ్చుకొనుడు; మీ ఊరి నీటికి అలవాటుపడినది గనుక అది త్వరగా నాటుకొనును. కొత్తగా కొన్నదానిని మొదటి పది దినములు వసారా నీడలో నుంచి, పిదప లోపలికి తీసికొనిపొండు. సందేహములున్నచో ఉద్యాన శాఖ సిబ్బందిని అడుగుడు. 1945 నుండి బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉన్నది. ఆ ఒక్క మొక్క ఒక వేసవిని దాటినచో రెండవదానిని గురించి యోచింపుడు.

మీ ఇండ్లు పచ్చగా నుండుగాక!