ఫోన్ పోయిన మొదటి గంట

బస్సెక్కే తోపులాటలో జేబులోని ఫోన్ మాయమైందనుకోండి. ముందు పక్కవారి ఫోన్ నుంచి మీ నంబరుకు రింగ్ ఇవ్వండి. ఎవరూ ఎత్తకపోతే మీ గూగుల్ లేదా ఆపిల్ ఖాతాలోకి వెళ్లి ఫోన్‌ను లాక్ చేయండి. ఫోన్‌లో నెట్ ఉంటే మ్యాప్‌లో జాడా దొరకవచ్చు. దొరికిందని ఒక్కరే వెళ్లి దొంగతో తలపడకండి, పోలీసులకు చెప్పండి.

ఫోన్ ధర సరే, ఓటీపీలన్నీ వచ్చేది సిమ్‌కే కదా! అందుకే వెంటనే సిమ్ ఆపించండి, బ్యాంకుకు చెప్పి యూపీఐ నిలిపించండి. అప్పటికే డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పోలీసు ఫిర్యాదు ఇచ్చి, అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాక, కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో, పోయిన ఫోన్‌ను బ్లాక్ చేసే సీఈఐఆర్ విభాగం తెరవండి. 2023 మే నుంచి ఇది దేశమంతటా ఉంది. అక్కడ మీ ఫోన్ గుర్తింపు సంఖ్య, అంటే ఐఎంఈఐ నంబరు ఇస్తే, దొంగ ఏ కంపెనీ సిమ్ వేసినా ఫోన్ పనిచేయదు. వేసిన సంగతి పోలీసులకూ చేరుతుంది. ఫోన్ దొరికితే అక్కడే అన్‌బ్లాక్ చేసుకోవచ్చు.

ఆ ఐఎంఈఐ 15 అంకెలు బిల్లుమీదా, డబ్బామీదా ఉంటాయి. డబ్బాలు దాచేవాళ్లెందరు? స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే తెరమీదే కనిపిస్తాయి. ఇప్పుడే నొక్కి, డైరీలో రాసుకోండి.