తెగిన దండలు

 

ఇంజనీరుని కదా అని వంతెనల గురించి మాట్లాడమన్నారు. నేను పూసల గురించి మాట్లాడతాను.

మన క్రాఫ్టు పీరియడ్ గుర్తుందా? టీచరుగారు పూసలు గుచ్చడం నేర్పుతుంటే, 'ఆడపిల్లల పని' అని నవ్వి గ్రౌండులోకి జారుకునేవాళ్లం. అందులో నేనే ముందుండేవాణ్ణి.

రెండేళ్ల కిందట మా అమ్మ పోయింది. ఆవిడ ట్రంకుపెట్టెలో సీసా నిండా తెగిన దండల పూసలు దొరికాయి. పారేయబుద్ధి కాలేదు. మా అమ్మాయి దగ్గర కూర్చుని గుచ్చడం నేర్చుకున్నాను. మొన్న వేసవిలో మా అపార్ట్‌మెంటులో కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఒక ఆదివారం వర్క్‌షాప్ పెట్టాను. షరతు ఒక్కటే: పూసలు కొనకూడదు, ఇంట్లో తెగి పడి ఉన్నవే తేవాలి. 12 మంది వచ్చారు.

ముందు పూసలు వేరుచేశాం. చెంపకు ఆనిస్తే గాజుపూస చల్లగా తగులుతుంది, ప్లాస్టిక్‌ది అంత చల్లగా ఉండదు. సబ్బునీళ్లలో కడిగి ఆరబెట్టాం. ముత్యాలను మాత్రం నానబెట్టకుండా తడిగుడ్డతో తుడిచాం. దొర్లిపోకుండా తువ్వాలు పరిచి, వరస కుదిరాకే దారం పట్టుకున్నాం.

ఇంజనీరు బుద్ధి పోదుగా, ప్రతి పనికీ ఇన్ని నిమిషాలని లెక్క వేశాను. ఆ తొందరలో ఒక పెద్దావిడ తెచ్చిన పూసల బెజ్జాలు చూడలేదు. అవి వాళ్లమ్మగారి దండలోవి. మెడలో వేసుకోగానే పుటుక్కున తెగింది. హాలంతా పూసలే. పెచ్చు ఊడిన గాజు అంచు దారాన్ని కోసేసింది. నాకు తల కొట్టేసినట్టయింది.

అందరం మోకాళ్ల మీద కూర్చుని ఏరాం. ఆవిడ మాత్రం, "పర్లేదు బాబూ, పెచ్చులూడినవి తీసేసి, పూసకీ పూసకీ మధ్య ముడి వెయ్యి. ఈసారి తెగినా ఒక్కటే పోతుంది" అన్నారు. బెజ్జంలో దూరనంత ముడి, పూసకు ఆనుకునేలా ఎలా బిగించాలో ఆవిడే చూపించారు. సాయంత్రానికి ఆ దండ వేసుకునే ఇంటికి వెళ్లారు.

ఆ ముడి మన టీచరుగారు క్లాసులో నేర్పిందే. అప్పుడు నేను గ్రౌండులో ఉన్నాను.

టీచర్‌గారూ, ఆనాటి నవ్వుకు క్షమించండి. రేపు ఉదయం మన పాత క్రాఫ్టు గదిలో మళ్లీ పూసలు గుచ్చుతున్నాం. తెగిన దండలుంటే అందరూ తీసుకురండి. ముడి మీరే నేర్పాలి. ఈసారి నేను ముందు బెంచీలో కూర్చుంటాను.