చక్రము తిరుగును, బండి కదలదు

సైనిక్‌పురి పేరు వినగానే విశ్రాంత సైనికులతో పాటు జీపు బండియు స్ఫురింపక మానదు. వాన వెలిసిన పిమ్మట కాప్రా చెరువు దాపున బురదలో దిగబడినవారు “వెనుక డిఫరెన్షియల్ లాకు చెడిపోయినది” అని మొరపెట్టుకొనుట కద్దు. ఆ మొరలో నిజమెంతయో విచారింతము.

మలుపులో వెలుపలి చక్రము లోపలిదాని కంటె ఎక్కువ దూరము పోవలెను. ఆ తేడాను సర్దునది డిఫరెన్షియల్. ఆ మంచితనమే బురదలో కీడగును. పట్టులేని చక్రము గిఱ్ఱున తిరుగును, పట్టున్నది కదలదు. రెండింటిని ఒకటిగా బిగించునదే లాకు.

అసలు మీ బండిలో లాకు ఉన్నదా? పాత సైనిక విల్లీస్ జీపులో లేదు. నాలుగు చక్రములకు శక్తి పోవుచున్నది గదా అని చాలమంది భ్రమపడుదురు. 2020లో వెలువడిన మహీంద్రా థార్‌లో కొన్ని రకములకు తనంతట తానే పడు లాకు అమర్చిరి. రెండు చక్రముల వేగములో నిమిషమునకు సుమారు 100 చుట్ల తేడా వచ్చినపుడే లోపలి చిన్న బరువులు విచ్చుకొని కొక్కెమునకు తగులును. చక్రము జారగానే బెదరి యాక్సిలరేటరు నుండి కాలు తీయువారికి అది ఎన్నటికిని పడదు. కాలు నిలకడగా నుంచి, ఒకటి రెండు క్షణములు ఓపిక పట్టవలెను. ఠక్కుమను చప్పుడు విని కంగారుపడ వలదు. అది పనిచేసిన గుర్తు.

ఫోర్స్ గూర్ఖా వలె డ్రైవరే వేయు లాకులో పండ్లు ఎదురెదురుగా రానిదే కలియవు. బండిని మెల్లగా జరుపుచు స్టీరింగు కొద్దిగా అటునిటు త్రిప్పిన కలియును. చక్రము వేగముగా తిరుగుచుండగా వేసినచో పండ్లు విఱుగును. అప్పటికిని పడకున్న, లీవరు రకములో కేబులు సాగెనేమో, తుప్పు పట్టెనేమో చూడుడు. విద్యుత్తు రకములో ఫ్యూజును, బురదనీట తడిసిన కనెక్టరును చూడుడు. చాల బండ్లలో ఆ స్విచ్చి ‘ఫోర్ లో’ గేరులో తప్ప పనిచేయదు. లాకు విడివడకున్నచో కొన్ని అడుగులు తిన్నగా వెనుకకు నడుపుడు. ఇరుసులోని మెలిక సడలి విడిపోవును.

నూనె బండితో ఇచ్చిన పుస్తకములో చెప్పిన రకమే పోయవలెను. తీసిన నూనెలో సన్నని ఇనుపరజను కొద్దిగా నుండుట సహజము. ముక్కలే కనిపించినచో బండిని వర్క్‌షాపునకు పంపుడు.

ఒక పరీక్ష మాత్రము ఇంటి వాకిట ఎవ్వరును చేయరాదు. ఒక చక్రమును జాకీపై నెత్తి, ఇంజను నడిపి, లాకు పడునా అని చూచువారున్నారు. పడిన మరుక్షణము నేలనున్న చక్రము బండిని ముందుకు లాగును, జాకీ ఒరుగును. ఎదుట వేడుక చూచుచు పిల్లలు నిలిచియుందురు గదా! లీవరు లాకును ఇంజను ఆపియే పరీక్షింపవచ్చును. ముందు చక్రములకు అడ్డు పెట్టి, వెనుక ఇరుసును గట్టి స్టాండ్లపై నిలిపి, హ్యాండ్‌బ్రేకు వదలి, బండిని గేరులో నుంచుడు. ఒక చక్రమును చేతితో త్రిప్పుడు. లాకు లేనపుడు రెండవది ఎదురు దిక్కున తిరుగును. లాకు పడియున్నచో రెండును కదలవు.