మన చదువు మనమే రాద్దాం



"పనికి దరఖాస్తు రాసిపెట్టండి మాస్టారూ" అని చాలామంది వస్తున్నారు. చదువు సంగతి అడిగితే "నాకేం చదువుందండీ!" అంటున్నారు. అలా అనకండి. మీరు నేర్చింది కాగితం మీద లేకపోతే పని ఇచ్చేవారికి ఎలా తెలుస్తుంది?

దరఖాస్తుతో ఇచ్చే కాగితాన్ని బయోడేటా అంటారు. అందులో చదువు వేరుగా, శిక్షణ వేరుగా రాయాలి.

ముందు చదువు. ఏ తరగతి, ఏ బడి, ఏ సంవత్సరం? ఈ మూడూ రాయండి. తొమ్మిదో తరగతి మధ్యలో మానేశారా? "8వ తరగతి పాసు" అని రాయండి. పది తప్పితే "పది వరకు చదివాను, పాసు కాలేదు" అని రాయండి. అందులో సిగ్గేమీ లేదు. లేని పాసు రాస్తేనే సిగ్గు. సర్టిఫికెట్ చూపమంటే వచ్చే పని కూడా పోతుంది.

పది పాసవ్వాలని ఉందా? ఓపెన్ స్కూలు ఉంది. 14 ఏళ్లు నిండినవారు చేరవచ్చు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు.

తర్వాత శిక్షణ. ఉత్త "కుట్టుపని వచ్చు" అంటే చాలదు. ఇలా రాయండి:

కుట్టుమిషను శిక్షణ – 3 నెలలు – చోడవరం – 2023. జాకెట్లు, లంగాలు కత్తిరించి కుట్టగలను.

శిక్షణ లేకుండా పని చేస్తూ నేర్చుకున్నవారూ ఉన్నారు. మన మాడుగుల హల్వా సంగతే చూడండి. గోధుమ పాలు తియ్యడం, పాకం చూడడం ఏ బడిలో నేర్పారు? అది కూడా విద్యే. "అనుభవం" అని రాసి, ఎక్కడ, ఎన్నేళ్లు చేశారో రాయండి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పని వచ్చినవారిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి పెట్టారు. అన్ని పనులకూ ఉండదు. మీ పనికి ఉందేమో కనుక్కోండి.

ఇంకో మాట. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది. మన మండలం అందులోకి వచ్చింది. పాత సర్టిఫికెట్లలో విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. దాన్ని దిద్దకండి. ఇప్పటి చిరునామాలో మాత్రం అనకాపల్లి జిల్లా అని రాయండి.

సర్టిఫికెట్ల జిరాక్సు కాపీలు జతచేయండి. అసలువి ఇంట్లో దాచుకోండి. అడిగినప్పుడు చూపించి, వెనక్కి తెచ్చుకోండి.

ఇప్పుడు నోటుబుక్కు తియ్యండి. మీ చదువు ఒక వరుసలో, మీ పని ఒక వరుసలో రాయండి. కింద మీ సంతకం పెట్టండి. పక్కవారికి చదివి వినిపించండి.