ఎంబీఏ చదివిన బిడ్డకు పని ఎక్కడ?

(న్యాల్‌కల్‌లో జరిగిన మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించి మాట్లాడుకుందామని కూడిన సభలో చదువుల ప్రస్తావన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. ఈ మండలంలో ఆ రెండూ ఒకే గడపలో కలిశాయి. కంపెనీలొస్తే మీ పిల్లలకే ఉద్యోగాలన్న మాట విని పొలం వదులుకున్న తల్లులున్నారు. ఆ ఉద్యోగం కోసమే బిడ్డను పట్నంలో ఉంచి ఎంబీఏ చదివించిన తల్లులూ ఉన్నారు. ఇప్పుడు వాళ్లు అడుగుతున్నది ఒకటే: పట్టా ఉంది, పని ఎక్కడ?

ఈ చదువు మన ఊళ్లదాకా ఎలా వచ్చిందో ముందు చూద్దాం. 2008 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున అమలైంది. దళిత, వెనుకబడిన, మైనారిటీ కుటుంబాల ఆడపిల్లలెందరో దానివల్లే కాలేజీ మెట్లెక్కారు. ఇది చిన్న విజయం కాదు. అయితే ప్రభుత్వం తన కాలేజీలను, అధ్యాపకులను తగినంతగా పెంచకుండా ప్రైవేటు కాలేజీలకు ఫీజు కట్టే దారి పట్టింది. ఎంబీఏకు ఇంజనీరింగులా పెద్ద ప్రయోగశాలలు అక్కర్లేదు. నాలుగు గదులు, ఒక బోర్డు ఉంటే చాలన్నట్టు కాలేజీలు వెలిశాయి. ప్రభుత్వం బకాయిలు పెడితే సర్టిఫికెట్లు ఆగిపోయేది విద్యార్థినికే. 2025 నవంబరులో ఈ బకాయిల కోసం తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ చేశాయి.

అందరి చేతిలో పట్టా ఉన్నప్పుడు యజమాని ఇంకో మెట్టు పైన అడుగుతాడు. ఇంటర్ చాలనుకున్న పనికి డిగ్రీ, డిగ్రీ చాలనుకున్న పనికి ఎంబీఏ. పని మారదు, జీతం మారదు, చదువు ఖర్చు మాత్రం కుటుంబం మీద పడుతుంది. సామాజిక శాస్త్రవేత్త రోనాల్డ్ డోర్ 1976లోనే దీనికి 'డిప్లొమా జబ్బు' అని పేరు పెట్టారు. 2016లో పరిశ్రమాధిపతుల సంఘం అసోచామ్, పేరున్న కొన్ని సంస్థలను మినహాయిస్తే మిగతా ఎంబీఏల్లో 7 శాతం మందే ఉద్యోగానికి పనికొస్తారని ప్రకటించింది. పనికిరానిది పిల్లలా, వాళ్లకు చెప్పిన పాఠాలా అని మనం అడగాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ భాగస్వామ్యంతో 2024లో వెలువడిన భారత ఉపాధి నివేదిక ప్రకారం, 2022లో పట్టభద్రులైన యువతలో నిరుద్యోగం 29.1 శాతం. చదవడం, రాయడం రాని యువతలో అది 3.4 శాతమే. పట్టభద్రుల్లోనూ పురుషులకు 26.4 శాతమైతే స్త్రీలకు 34.5 శాతం. ఈ అంకెలు చూసి చదువే దండగ అనుకోవద్దు. చదువు లేని స్త్రీకి పని లేకుండా కూర్చునే స్తోమత లేదు. ఎంత కూలి ఇస్తే అంతకు కలుపు తీయడానికి వెళుతుంది. లెక్కల్లో ఆమెకు 'పని ఉంది'. ఇక ఉద్యోగం వెతకడం మానేసి అత్తగారింట్లో ఉండిపోయిన ఎంబీఏ అమ్మాయి నిరుద్యోగుల లెక్కలోకే రాదు.

పట్టా విలువ పడిపోవడం మగవాడికీ నష్టమే. ఆడపిల్లకు మాత్రం అది మరో రకంగా తగులుతుంది. ఆమెకు చదువంటే ఉద్యోగం ఒక్కటే కాదు, పెళ్లిని నాలుగేళ్లు వెనక్కి నెట్టే గడువు కూడా. ఆ గడువు ముగిసేసరికి దొరికేవి టార్గెట్లు పెట్టే అమ్మకాల పని, అప్పుల వసూలు, టెలికాలింగ్. ఇక్కడి నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లకు పైమాటే. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో టికెట్ లేదు, నిజమే. రాత్రి షిఫ్టు దిగేసరికి ఊరికి బస్సూ లేదు. హాస్టల్ ఖర్చులకే జీతం సరిపోతే ఇల్లు ఆమెను వెనక్కి పిలుస్తుంది. అప్పుడు ఆ పట్టా పెళ్లి సంబంధాల్లో చెప్పుకునే గొప్ప అవుతుంది. చదివిన పిల్లకు ఇంకా చదివిన వరుడు కావాలంటారు, కట్నమూ పెరుగుతుంది.

ఊళ్లో లెక్కల పని లేదా అంటే ఉంది. పొదుపు సంఘాల పుస్తకాలు, బ్యాంకు రుణాల లెక్కలు చూసేది మన వీవోఏలే. వాళ్లకిచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. దాని మీదే 2023లో వాళ్లు సమ్మె చేశారు. ఆడవాళ్లు చేస్తే లెక్కల పని కూడా సేవ అయిపోతుంది.

ఇక నిమ్జ్ సంగతి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా అనుకున్న ఈ పారిశ్రామిక మండలికి 2016లో కేంద్రం తుది ఆమోదం ఇచ్చింది. 2024 ఆగస్టులో 3,245 ఎకరాల జహీరాబాద్ పారిశ్రామిక నగరాన్ని ఆమోదిస్తూ 1.74 లక్షల మందికి ఉపాధి అన్నారు. అందులో స్త్రీలకెన్ని, పర్మనెంటు ఎన్ని, కాంట్రాక్టు ఎన్ని? ఆ లెక్క మనకు కావాలి.

2013 భూసేకరణ చట్టంలో మనం గట్టిగా పట్టుకోవలసిన మాట ఒకటుంది. ప్రాజెక్టులో ఉద్యోగాలు ఏర్పడితే, ప్రభావిత కుటుంబంలో ఒకరికి తగిన శిక్షణ ఇచ్చి మరీ ఉద్యోగం చూపాలి. లేదా ఒకేసారి 5 లక్షలు, లేదా నెలకు కనీసం 2 వేల చొప్పున 20 ఏళ్లు ఇవ్వాలి. 'కుటుంబం' అంటే ఏమిటో కూడా ఆ చట్టమే చెప్పింది: వయసొచ్చిన వ్యక్తి, ఆడైనా మగైనా, పెళ్లి అయినా కాకున్నా, ఒక ప్రత్యేక కుటుంబం. వితంతువులు, విడాకులు పొందినవారు, ఇంటివాళ్లు వదిలేసిన స్త్రీలు కూడా అంతే. సెంటు భూమి లేకున్నా, సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ పొలాల మీదే బతికిన కూలీ కుటుంబమూ ప్రభావిత కుటుంబమే. అంటే ఎంబీఏ చదివిన బిడ్డ తండ్రి పేరు కింద ఒక వరుస కాదు. ఆమె పేరు విడిగా ఉండాలి.

ఈ హక్కును పక్కన పెట్టే ప్రయత్నాలూ జరిగాయి. 2015లో వచ్చిన 123వ నంబరు జీవోను ఈ ప్రాంతపు కూలీలు కోర్టుకు లాగారు, 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. ఆ తర్వాత 2017లో రాష్ట్రం చేసిన చట్ట సవరణ పునరావాసానికి బదులు ఏకమొత్తం ఇచ్చే వీలు తెచ్చింది. ఆ ఏకమొత్తం ఎవరి ఖాతాలో పడుతుందో మనకు తెలియంది కాదు. అందుకే కాగితం మీద పెట్టే సంతకం ముందు చదివించుకోండి.

మనం అడగవలసినవి ఇవి. ప్రభావిత కుటుంబాల జాబితాను గ్రామసభలో చదవాలి, వయసొచ్చిన ప్రతి స్త్రీ పేరూ విడిగా రాయాలి. శిక్షణ జహీరాబాద్‌లోనే, మనకు అర్థమయ్యే భాషలో జరగాలి. ఏ కంపెనీ ఎంతమంది స్థానిక స్త్రీలను ఏ జీతానికి తీసుకుందో ఏటా ప్రకటించాలి. షిఫ్టు వేళలకు బస్సు, ఆడవాళ్లకు హాస్టల్ ఉండాలి. పదిమంది పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ 2013 చట్టం ప్రకారం ఉండి తీరాలి.

చదివిన బిడ్డను 'ఇంత చదివి ఏం లాభం' అని ఇంట్లో ఎవరూ అనకండి. ఆ ప్రశ్న ఆమెను కాదు, భూమి తీసుకుంటూ ఉద్యోగం మాటిచ్చిన వాళ్లను అడగాలి. వచ్చే గ్రామసభకు తల్లీబిడ్డలు కలిసే రండి, ఆ జాబితాలో మీ మీ పేర్లు మీరే చూసుకోండి.